టోక్యో ఉద్యోగం, హరాజుకు బట్టలు: పదకొండేళ్లుగా ఇక్కడ ఉంటున్న అక్కగా నా సమాధానం

చెల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రాజమండ్రి నుంచి వస్తున్నావు, ఏప్రిల్ 1న టోక్యోలో ఐటీ ఉద్యోగంలో చేరుతున్నావు, చదువుకునే రోజుల నుంచీ హరాజుకు ఫ్యాషన్ అంటే, అదే టోక్యోలోని హరాజుకు పేట వీధుల్లో పిల్లలు వేసుకునే చిత్రమైన బట్టలంటే, పిచ్చి. అక్కడికి వెళ్లాక నచ్చినట్టు తయారవ్వొచ్చా, విదేశీయుల్ని ఎలా చూస్తారు, ఏ బట్టలు తెచ్చుకోవాలి, చుడీదార్లు ఇంట్లోనే వదిలేసి రావాలా అని అడిగావు. నీకు జవాబిచ్చిన వాళ్లలో చాలామంది "జపాన్‌లో ఏం వేసుకున్నా ఎవరూ పట్టించుకోరు" అన్నారు. అది సగమే నిజం. ఆ సగం నమ్ముకుని వస్తే మొదటి నెలలోనే మనసు కష్టపెట్టుకుంటావు, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

నాది గుంటూరు. ఇక్కడికి వచ్చి పదకొండేళ్లయింది. మొదటి నాలుగేళ్లు నిషి కసాయ్‌లో ఉన్నాను. అది ఎదొగావా వార్డులో మన ఇండియా వాళ్లు ఎక్కువగా ఉండే చోటు, కందిపప్పు, కరివేపాకు, ఇడ్లీ రవ్వ అన్నీ దొరుకుతాయి. ఆ తర్వాత నుంచి కోయెంజీలో ఉంటున్నాను, అది పాత బట్టల దుకాణాలకు పేరు పడిన పేట. రెండు చోట్లా కాపురం పెట్టాను కాబట్టి నువ్వు అడిగిన రెండు సంగతులూ, ఇల్లు గడవడమూ వీధిలో బట్టలూ, నాకు దగ్గరగా తెలిసినవే.

ఇక్కడ బట్టల విషయంలో ముందుగా తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది, టీపీఓ. టైమ్, ప్లేస్, అకేషన్. ఇంగ్లిష్ అక్షరాలే కానీ పుట్టింది జపాన్‌లో. వాన్ అనే బట్టల కంపెనీ పెట్టిన ఇషిజు కెన్సుకే 1960లలో దీన్ని జనం నోట్లో పెట్టాడు. ఏ వేళకి, ఏ చోటికి, ఏ సందర్భానికి ఏం వేసుకోవాలి అన్నదే దాని అర్థం. మనకీ ఉంది కదా, పెళ్లికి ఒక చీర, పరామర్శకి ఒక చీర, గుడికి ఇంకొకటి. వీళ్లు దాన్ని మామూలు రోజుల్లోకి కూడా తెచ్చారు. జూన్ 1 వచ్చిందంటే నిన్నటిదాకా నల్ల కోట్లలో వెళ్లిన స్కూలు పిల్లలు ఒక్కసారిగా తెల్ల చొక్కాల్లో కనిపిస్తారు, అక్టోబరు 1న మళ్లీ కోట్లలోకి వెళ్తారు. దీన్ని కొరొమొగాయె అంటారు. ఇప్పుడు ఎండలు ముదిరి ఆ తేదీలు కొంచెం అటూ ఇటూ అవుతున్నాయి కానీ పద్ధతి మాత్రం పోలేదు. మొదటి ఏడాది జూన్‌లో ఒక పొద్దున స్టేషన్ దగ్గర ఆ తెల్ల చొక్కాల వరస చూసి నేను నిలబడిపోయాను. అంతమందిలో ఒక్క కోటు కూడా లేదు.

వీధి ఫ్యాషన్ కూడా ఈ పద్ధతిలోంచే పుట్టింది. ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు. హరాజుకు అమ్మాయిలు రోజంతా, ఊరంతా అలా తిరుగుతారని మనం అనుకుంటాం. అలా కాదు, ఒక్కో వీధికి ఒక్కో వేషం. 1964 ఒలింపిక్స్ ముందు టోక్యోలోని గింజా పేటలో, మియుకి వీధిలో ఐవీ చొక్కాలు, అంటే అమెరికా కాలేజీ కుర్రాళ్ల తరహావి, పొట్టి ప్యాంట్లు వేసుకుని కుర్రకారు గుంపులుగా నిలబడుతుంటే పోలీసులు పట్టుకుపోయారు. ఆ కుర్రాళ్లని మియుకి జొకు అన్నారు, అంటే పేరు కూడా వీధిదే. తర్వాత హరాజుకులో ఆదివారాలు పెద్ద రోడ్డు మీద బళ్లు ఆపేసి నడిచేవాళ్లకి వదిలేస్తే, దూరాల నుంచి పిల్లలు అక్కడికే వచ్చి చేరేవాళ్లు. ఇంటి దగ్గర మామూలు బట్టల్లో రైలెక్కి, స్టేషన్‌లో దిగాక మార్చుకుని, సాయంత్రం మళ్లీ మామూలు బట్టల్లో ఇంటికెళ్లేవాళ్లు చాలామంది. ఆ ఆదివారపు రోడ్డుని 1998లో ఆపేశారు. అవోకి షోఇచి అనే ఫొటోగ్రాఫర్ 1997 నుంచి ఫ్రూట్స్ అనే పత్రికలో ఆ పిల్లల ఫొటోలు వేస్తూ వచ్చి, తీయదగ్గ పిల్లలు ఇక కనిపించడం లేదని 2017లో పత్రిక ఆపేశాడు. నువ్వు ఫోన్లో దాచుకున్న ఫొటోలు చాలావరకు ఆ రోజులవే అయ్యుంటాయి. ఇప్పుడు హరాజుకులోని తకెషిత వీధికి వెళ్తే క్రేప్‌లు తినే టూరిస్టులు, జనాల తోపులాట కనిపిస్తాయి. నిరాశ పడకు, వేషాలు పోలేదు, చోటు మారాయి అంతే. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు నీ ఏప్రిల్ సంగతి. ఏప్రిల్ 1న దేశమంతా కొత్త ఉద్యోగులు చేరతారు, కంపెనీలో న్యూషషికి అని చేరిక కార్యక్రమం ఉంటుంది. ఆ రోజు నీతో చేరేవాళ్లంతా నలుపో ముదురు నీలమో సూటు, తెల్ల చొక్కా, నల్ల బూట్లు, వెనక్కి కట్టిన జుట్టుతో ఉంటారు. నువ్వు కూడా అలాగే వెళ్లు. నీ ఇష్టాన్ని చంపుకోమని చెప్పడం లేదు. ఆ ఒక్క రోజు వేషం సరిగ్గా ఉంటే, తర్వాత నువ్వు కొంచెం రంగు వేసుకొచ్చినా ఆఫీసువాళ్లు నిన్ను "తెలిసిన మనిషి" లెక్కలోనే ఉంచుతారు. ఐటీ ఆఫీసుల్లో సాధారణంగా నెల, రెండు నెలల తర్వాత పట్టు సడలుతుంది. 2005లో ప్రభుత్వం కూల్ బిజ్ అని మొదలుపెట్టిన దగ్గర నుంచి వేసవిలో కోటు, టై లేకపోయినా తప్పు పట్టరు. ముక్కుపుడక గురించి అడిగావు కదా, చేరేముందే హెచ్ఆర్‌కి ఒక మెయిల్ రాసి కనుక్కో. నాది చిన్న ముక్కుపుడక, మొదటి వారం మా మేనేజర్ మెల్లగా పక్కకి పిలిచి అడిగారు. అది మా ఇంటి ఆచారం, పెళ్లికి మా అమ్మమ్మ పెట్టింది అని చెబితే మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

హీల్స్ కొనకు. 2019లో కొంతమంది ఆడవాళ్లు ఆఫీసులో హీల్స్ వేసుకోవాలన్న బలవంతం మీద కూటూ అనే ఉద్యమం నడిపారు. కుత్సు అంటే బూటు, కుత్సూ అంటే నొప్పి, ఆ రెండూ కలిపి పెట్టిన పేరు. ఆ తర్వాత చాలా చోట్ల పట్టింపు తగ్గింది. పైగా ఇక్కడ రోజుకి ఎంత నడుస్తావో ఇప్పుడు నీకు తెలియదు, స్టేషన్‌లో లైన్ మారడానికే ఒక్కోసారి పది నిమిషాలు నడవాలి. బూట్ల సైజు సెంటీమీటర్లలో ఉంటుంది. ఆడవాళ్లవి చాలా షాపుల్లో 24.5 దగ్గరే ఆగిపోతాయి. మన పాదం వెడల్పు కాబట్టి పెట్టె మీద EEE అని, అంటే వెడల్పు పాదానికని, రాసి ఉన్నవి చూసి తీసుకో. తీయడం, వేసుకోవడం తేలికగా ఉండాలి. కొన్ని రెస్టారెంట్లలో, ఎవరింటికైనా వెళ్లినప్పుడు, చివరికి బట్టల షాపు ట్రయల్ రూమ్‌లోకి వెళ్లేటప్పుడు కూడా బూట్లు బయట విడవాలి. అందుకే మేజోళ్లు ఎప్పుడూ చిరుగు లేకుండా, శుభ్రంగా ఉండాలి, అవే అందరికీ కనిపిస్తాయి. ట్రయల్ రూమ్‌లో మొహానికి వేసుకునే పల్చటి గుడ్డ సంచి లాంటిది ఒకటి ఇస్తారు, ఫేస్ కవర్ అంటారు. తల మీంచి బట్ట వేసుకునేటప్పుడు మేకప్ అంటకుండా దాన్ని ముందు తలకి తొడుక్కోవాలి. అది వాడకుండా చొక్కా తొడిగితే షాపు అమ్మాయి ఏమీ అనదు కానీ ఆ చొక్కా పరిస్థితి ఏమిటని ఆలోచిస్తుంది. నువ్వు ఏం వేసుకున్నావన్నది కాదు, నీ తర్వాత వచ్చే మనిషికి ఆ వస్తువుని ఎలా వదిలావన్నది చూస్తారు ఇక్కడ.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను. నరితాలోనో హనెదాలోనో దిగగానే రెసిడెన్స్ కార్డు చేతికిస్తారు. ఇల్లు దొరికాక 14 రోజుల్లోపు వార్డు ఆఫీసుకి వెళ్లి అడ్రసు రాయించుకోవాలి. ఆ కార్డు ఎప్పుడూ దగ్గరుండాలి, చెత్త పడేయడానికి కిందికి దిగినా సరే. పోలీసులు అడిగే హక్కు ఉంది, ఒక్కోసారి అడుగుతారు. మొదటిసారి అడిగినప్పుడు అవమానంగా ఉంటుంది. కార్డు చూపించి, థాంక్స్ చెప్పి, ఇంటికొచ్చి నాకు ఫోన్ చెయ్యి.

ఇల్లు దొరకడమే అన్నిటికన్నా కష్టం. మొదటి నెల అద్దె కాక, షికికిన్ అని డిపాజిట్, రెయికిన్ అని ఇంటి యజమానికి కృతజ్ఞతగా ఇచ్చే డబ్బు, అది తిరిగి రాదు, ఆపైన గ్యారంటీ కంపెనీ ఫీజు. నేను కోయెంజీలో ఇల్లు వెతికేటప్పుడు ఏజెంటు నా ముందే యజమానులకి ఫోన్ చేసి "విదేశీ మనిషి, పర్వాలేదా?" అని అడిగేవాడు. నాకు భాష వచ్చని అతనికి తెలుసు, అయినా నా ముందే అడిగేవాడు. తొమ్మిది ఇళ్లలో ఆరుగురు వద్దన్నారు. ఆ సాయంత్రం స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నీకూ ఇలా జరగొచ్చు. నీ తప్పేమీ లేదని ఆ సమయంలో గుర్తుపెట్టుకో. యూఆర్ ఇళ్లు అని ప్రభుత్వానికి చెందిన సంస్థవి ఉంటాయి, రెయికిన్ లేదు, గ్యారంటీ అడగరు, విదేశీయులని వెనక్కి పంపరు. ముందు అక్కడ చూడు.

రైల్లో నీ పక్క సీటు ఖాళీగా ఉండి, నిలబడ్డవాళ్లు కూర్చోకపోవడం కూడా చూస్తావు. రోజూ జరగదు, జరిగిన రోజు మాత్రం గుచ్చుకుంటుంది. దానికి కారణం నీ బట్టలు కాదు, నేను సూటులో ఉన్నప్పుడూ జరిగింది, చుడీదార్‌లో ఉన్నప్పుడూ జరిగింది. కాబట్టి దాని కోసం బట్టలు మార్చుకోవద్దు.

వాసన విషయం మాత్రం దాచకుండా చెప్పాలి. ఇక్కడ ఘాటైన సెంటు కూడా ఇబ్బందిగానే భావిస్తారు, పక్కవాళ్లకి వాసనతో ఇబ్బంది పెట్టడాన్ని సుమెహరా అంటారు. నీకు దొరికేది ఒక చిన్న గది, తలుపు తీయగానే వంట గట్టు, దానికి రెండడుగుల దూరంలో బట్టలు తగిలించే కర్ర. నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ వేశావంటే ఆ తాలింపు వాసన ఉన్ని కోటులోకి వెళ్లి కూర్చుంటుంది, ఉన్ని దాన్ని వదలదు. మన ముక్కుకి తెలియదు, రైల్లో పక్కవాళ్లకి తెలుస్తుంది. తాలింపు మానేయమని నేను చచ్చినా చెప్పను, అది లేకపోతే ఇక్కడ బతకలేం. కోటుని జిప్పు ఉన్న కవర్లో పెట్టు, వంట చేసేటప్పుడు బాత్రూమ్ తలుపు వెనక వేలాడదీయి, ఫ్యాను తిప్పాకే బాణలి పొయ్యి మీద పెట్టు. ఆదివారం వారానికి సరిపడా పప్పు, పులుసు చేసి ఫ్రీజర్‌లో పెడితే మిగతా రోజులు మైక్రోవేవ్‌తో సరిపోతుంది. శాకాహారివైతే బయట తిండికి జాగ్రత్త, కూరగాయల సూప్ అని రాసి ఉన్నా అందులో దాషి ఉండొచ్చు, అది ఎక్కువగా ఎండు చేపతో కాచిన నీళ్లు.

ఇప్పుడు నీకు ఇష్టమైన సంగతి. వీధి ఫ్యాషన్ బతికున్న చోట్లు నా లెక్కలో రెండు, షిమోకితజావా, కోయెంజీ. రెండూ ఫురుగి, అంటే వాడిన బట్టల పేటలు. పాత బట్టలంటే మన దగ్గర ఒక చిన్నచూపు ఉంది, ఎవరో వదిలేసినవి మనమెందుకు వేసుకోవాలి అని. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఇక్కడ షాపుల్లో ఆ బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, ఎక్కడైనా చిన్న మరక ఉంటే ఆ మరక ఉన్న చోటు చీటీ మీద రాసి మరీ అమ్ముతారు. నేను కొన్న ఒక నేవీ కోటు చీటీ మీద "ఎడమ చేతి మడత లోపల దారం ఊడింది" అని రాసి ఉంది. మూడు వేల యెన్‌కి కొన్నాను, ఏడేళ్లయింది, ఇంకా వేసుకుంటున్నాను. షిమోకితజావాలో కుర్రకారు, టూరిస్టులు ఎక్కువ, రేట్లు కొంచెం పెరిగాయి. కోయెంజీలో షాపులు చిన్నవి, యజమాని తనే ఏరి తెచ్చినవే అమ్ముతాడు, ఒకడు పనివాళ్ల బట్టలు మాత్రమే, ఇంకొకావిడ 1970ల నాటి గౌన్లు మాత్రమే. అలాంటి షాపులోకి వెళ్లి ఒక గంట ఊరికే చూడు, ఏమీ కొనకపోయినా ఎవరూ వెంటపడరు. యూనిక్లో, జీయూ అనే బట్టల షాపుల నుంచి లోపలి బట్టలు, మామూలు ప్యాంట్లు తీసుకో. చలికి హీట్‌టెక్ అనే యూనిక్లో వెచ్చటి లోపలి బట్టలు కొనుక్కో. మనిషి కంటికి కనిపించే ఒక్క బట్ట మాత్రం ఫురుగిలో వెతుక్కో. ఇక్కడ బాగా తయారయ్యే వాళ్లని దగ్గరగా చూస్తే చేసేది అదే, అన్నీ సాదాసీదావి, ఒక్కటి మాత్రం కళ్లు తిప్పుకోలేనిది, దాని అంచు, పొడవు, మేజోళ్ల రంగుతో సహా ఆలోచించి వేసుకున్నది. సైజుల్లో చేతుల పొడవు, భుజాలు మనకి సరిపోతాయి, నడుము దగ్గర ఎల్ అని రాసినా మన ఎమ్ అంతే ఉంటుంది, వేసుకుని చూడకుండా కొనకు.

లోలిత గౌన్లు, అవే లేసులు, కుచ్చులతో బొమ్మల గౌన్లలా ఉండేవి, ఇష్టమని రాశావు. లఫోరె హరాజుకు అనే షాపింగ్ మాల్‌లో షాపులున్నాయి, వెళ్లు, కానీ ఆ బట్టలు వేసుకున్న అమ్మాయిని కాస్‌ప్లే అనొద్దు. కాస్‌ప్లే అంటే ఇంకెవరిలాగానో వేషం వేయడం. వాళ్లు వేసుకునేది తమ బట్టలు, ఆ మాటకి నిజంగా నొచ్చుకుంటారు. ఫొటో కావాలంటే ముందు అడుగు, "షషిన్ తొత్తే మో ఈ దెస్ క" అని. వద్దంటే నవ్వి వదిలేయ్. రీల్స్ తీస్తానన్నావు, వెనకాల నడిచే వాళ్ల మొహాలు కనిపించకుండా చూసుకో, ఇక్కడ ఇది పెద్ద విషయం.

భాష గురించి టెన్షన్ పడకు. తెలుగు వచ్చినవాళ్లకి వాక్యం నేర్చుకోవడం సుఖం, క్రియ చివర్లోనే వస్తుంది. "వస్తాను అని చెప్పాడు" అనేది "కురు తొ ఇత్త", మన "అని" ఉన్న చోటే వాళ్ల "తొ" ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఆలోచించి జపనీస్‌లోకి మార్చకు, నేరుగా తెలుగులోంచి వెళ్లు.

ఇక చుడీదార్లు వదిలేసి రావాలా అన్నదానికి. నేను అన్నీ గుంటూరులో వదిలేసి వచ్చాను, ఒక్క పోచంపల్లి చున్నీ మాత్రం మా అమ్మ పెట్టె అడుగున పెట్టింది. ఐదో ఏడాది వరకు దాన్ని బయటికి తీయలేదు. ఒక జూన్‌లో, వానలు పడుతూ ఇంట్లో బట్టలు ఆరక, దుప్పట్లు తీసుకుని కాయిన్ లాండ్రీకి వెళ్లాను. ఆదివారం, ఎవరుంటారులే అని ఆ చున్నీ మెడకి చుట్టుకున్నాను. డ్రయ్యర్ తిరుగుతోంది, పక్క బెంచీ మీద ఎనభై ఏళ్ల పెద్దావిడ కూర్చుంది. కాసేపు చూసి, "కొంచెం ముట్టుకోవచ్చా?" అని అడిగింది. చున్నీ కొస వేళ్ల మధ్య పట్టుకుని, తిరగేసి, రెండు వైపులా ఒకేలా ఉందని చూసి, తెలుపు ఎరుపులోకి కొంచెం చెదిరినట్టు కలిసే చోట వేలు పెట్టి "కసురి" అంది. వాళ్ల అమ్మ కురుమె అనే ఊళ్లో నేసేదట. కురుమె కసురి అంటే నీలిమందు నూలు, మన పోచంపల్లిలాగే నేయకముందే నూలుకి ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం మీద లెక్క కుదిరేలా నేస్తారు. మా ఊళ్లవైపు కూడా ఇలాగే చేస్తారని చెప్పాను. డ్రయ్యర్ ఆగిపోయినా ఇద్దరం ఇరవై నిమిషాలు కూర్చున్నాం. అంతకుముందు ఆ పేటలో మూడు నెలలుగా ఉంటున్నా నాతో ఎవరూ పలకరింపు దాటి మాట్లాడలేదు. ఆ తర్వాత ఆవిడ కనిపించినప్పుడల్లా ఆగి మాట్లాడేది.

అప్పటి నుంచి మంగళగిరి కుర్తా జీన్స్ మీద, పోచంపల్లి చున్నీ నేవీ కోటు మీద వేసుకుంటున్నాను, కోయెంజీలో ఆపి అడిగేవాళ్లు కూడా ఉన్నారు, ఎక్కడ కొన్నావని. మిలమిలలాడే పార్టీ డ్రెస్సులు అక్కర్లేదు, నేత బట్టలు తెచ్చుకో, ఇక్కడి వాళ్లకి చేతి నేత విలువ బాగా తెలుసు. వేసవిలో బాణసంచా చూడ్డానికి అందరూ యుకతా, అంటే పల్చటి నూలు కిమోనో, కట్టుకుంటారు, నువ్వూ కట్టుకో, ఎడమ అంచు పైకి వచ్చేలా. కుడిది పైకి వస్తే అది చనిపోయినవాళ్లకి కట్టే పద్ధతి, వీధిలో పెద్దవాళ్లు ఆపి సరిచేస్తారు.

తెచ్చుకోవాల్సినవి: నాలుగు నూలు కుర్తాలు, రెండు చున్నీలు, ఒక మంచి చీర, నీ కొలతకి అక్కడే కుట్టించిన నల్ల సూటు, ఇక్కడ నడుముకి సరిపోయేది దొరకడం కష్టం. నాలుగైదు చిన్న చేతి తువ్వాళ్లు పెట్టుకో, చాలా స్టేషన్ బాత్రూముల్లో చేతులు తుడుచుకోవడానికి ఏమీ ఉండదు, అందరి సంచుల్లోనూ ఒకటి ఉంటుంది. గొడుగు తేవద్దు, ఇక్కడ కొనుక్కో. ఏప్రిల్ మొదట్లో రాత్రిళ్లు రాజమండ్రి జనవరి కన్నా చలి, కాబట్టి స్వెటర్ సూట్‌కేస్ అడుగున కాకుండా చేతి సంచిలో పెట్టు, నరితాలో దిగి బస్సు కోసం బయట నిలబడ్డప్పుడు కావాలి.